ఫ్యాక్టరీ లేని చోట ఫ్లోరిన్: ధ్రువాల గాలిలోకి పీఫాస్ ఎలా చేరుతోంది

కెనడా ఉత్తరాన, నునావుత్ ప్రాంతంలో డెవన్ అనే దీవి ఉంది. మనుషులు కాపురం ఉండని దీవుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. దాని తూర్పు భాగాన్ని కప్పేసిన మంచు దిబ్బ శిఖరం సముద్ర మట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తుకు నది పారదు, అల తాకదు, మురుగు కాలువ కలవదు. అక్కడికి ఏది చేరినా ఆకాశం నుంచి రాలాల్సిందే. శాస్త్రవేత్తలు ఆ శిఖరం మీద మంచును నిలువునా తవ్వి తీసి, పొరలు పొరలుగా కరిగించి, 1977 నుంచి 2015 దాకా ఏ ఏడు ఏం రాలిందో లెక్క కట్టారు. నాన్‌స్టిక్ పూతల తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అనే ఆమ్లం, అదే కుటుంబానికి చెందిన మరికొన్ని ఆమ్లాలు ఆ పొరల్లో వరుసగా బయటపడ్డాయి.

ఇక్కడే ఒక చిక్కుంది. పీఎఫ్‌ఓఏ సులువుగా ఆవిరయ్యే రకం కాదు. నీళ్లలో కరిగి, నీళ్లతో పాటే పోయే రకం. ఫ్యాక్టరీ పక్కన నదిలోనో, బోరు నీళ్లలోనో దొరికితే ఆశ్చర్యం లేదు. గాలి తప్ప ఇంకో దారి లేని మంచు శిఖరం మీదికి ఎలా ఎక్కింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే, ఈ రసాయనాల మీద దేశాలు పెడుతున్న నిషేధాలు ఎందుకు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటున్నాయో కూడా తెలుస్తుంది.

ముందుగా ఈ కుటుంబం సంగతి కొంచెం. కార్బన్ గొలుసులో హైడ్రోజన్ ఉండాల్సిన చోట ఫ్లోరిన్‌ను కూర్చోబెడితే వచ్చే పదార్థాలను కలిపి పీఫాస్ అంటారు. సేంద్రియ రసాయన శాస్త్రంలో కార్బన్, ఫ్లోరిన్ మధ్య ఉండే బంధం కంటే గట్టి ఏక బంధం లేదు. ఎండ, వేడి, సూక్ష్మజీవులు, యాసిడ్లు దాన్ని అంత తేలిగ్గా తెంచలేవు. నీళ్లూ అంటవు, నూనే అంటదు. 1938లో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే కెమిస్ట్ వేరే పని చేస్తుంటే టెఫ్లాన్ అనుకోకుండా బయటపడింది. ఆ తర్వాత పెనాలు, రెయిన్‌కోట్లు, తివాచీలు, పిజ్జా డబ్బాలు, విమానాశ్రయాల్లో మంటలార్పే నురుగు, ఇలా ఈ కుటుంబం చేరని చోటు లేకుండా పోయింది. వేల రకాలున్నాయి. వాటిలో ఎక్కువ అప్రతిష్ఠ మూటగట్టుకున్నవి రెండు: పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్.

2000లో అమెరికా కంపెనీ త్రీఎం పీఎఫ్‌ఓఎస్ తయారీ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ మరుసటి ఏడు జాన్ గీజీ, భారత మూలాలున్న కురుంథాచలం కన్నన్ కలిసి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ప్రపంచం నలుమూలల నుంచి సేకరించిన జంతువుల రక్తం, కాలేయం నమూనాల్లో పీఎఫ్‌ఓఎస్ ఉందని అందులో చూపించారు. ఆర్కిటిక్ ధ్రువపు ఎలుగుబంట్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అప్పటిదాకా దూరాలు ప్రయాణించే విషం అంటే డీడీటీ పురుగుమందులా, ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన పీసీబీల్లా వెచ్చని చోట ఆవిరై, చల్లని చోట దిగి, కొవ్వులో చేరేదే అనుకునేవారు. పీఎఫ్‌ఓఎస్ ఆ తీరుకు లొంగలేదు. అది కొవ్వు జోలికి పోదు, రక్తంలోని ప్రోటీన్లను అంటుకుంటుంది, కాలేయంలో మకాం వేస్తుంది. పైగా ఆవిరి కాదు. అలాంటిది ధ్రువాల దాకా ఎలా వెళ్లిందన్నది పెద్ద వివాదమే అయింది.

జవాబులో మొదటి సగం 2004లో వచ్చింది. టొరంటోలో స్కాట్ మాబరీ బృందం చెప్పిందేమిటంటే, గాల్లో వెళ్తున్నది ఆమ్లం కాదు, ఆమ్లానికి ముడిసరుకు. తివాచీలకు, బట్టలకు, కాగితాలకు మరకలు అంటకుండా వేసే పూతల తయారీలో ఫ్లోరోటెలోమర్ ఆల్కహాల్ అనే పదార్థాలు వాడతారు. తయారీలో కొంత మిగిలిపోతుంది, పూత పాతబడే కొద్దీ ఇంకొంత ఊడి వస్తుంది. ఇవి సులభంగా ఆవిరవుతాయి. గాల్లో దాదాపు 20 రోజులు బతుకుతాయి. 20 రోజులంటే గాలి వాటున చైనా తీరం నుంచో, అమెరికా మధ్య భాగం నుంచో ఆర్కిటిక్ చేరడానికి సరిపోయినంత సమయం. ఈలోగా ఎండ పుట్టించే హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన కణం ఆ ఆల్కహాల్‌ను పట్టుకుని ముక్కలు చేస్తుంది. ఫ్లోరిన్ ఉన్న భాగం మాత్రం చెక్కుచెదరదు. చివరికి తేలేది పీఎఫ్‌ఓఏ, దాని పక్కనే ఇంకో కార్బన్ ఎక్కువున్న పీఎఫ్‌ఎన్‌ఏ.

ఈ చర్య జరిగే తీరులో కాస్త ఆగి చూడాల్సిన విషయం ఉంది. నగరాల గాల్లో వాహనాల పొగ నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు దండిగా ఉంటాయి. అక్కడ ఈ విచ్ఛిన్నం వేరే దారి పట్టి, గొలుసు ఒక్కో కార్బన్ చొప్పున తెగుతూ పోతుంది. పొడుగాటి ఆమ్లం పెద్దగా తయారు కాదు. నైట్రోజన్ ఆక్సైడ్లు లేని శుభ్రమైన గాల్లోనే గొలుసు నిలిచి ఆమ్లంగా మారే అవకాశం ఎక్కువ. అంటే సముద్రాల మీదా, ధ్రువాల మీదా ఉన్న స్వచ్ఛమైన గాలే ఈ కాలుష్యాన్ని తయారు చేసే కుండ. కాలుష్యం లేని గాలి కాబట్టే ఈ కాలుష్యం పుడుతోంది.

దీనికి సాక్ష్యం ఎలుగుబంటి కాలేయంలోనే దొరికింది. ఎనిమిది ఫ్లోరినేటెడ్ కార్బన్లున్న ఆల్కహాల్ విచ్ఛిన్నమైతే 8, 9 కార్బన్ల ఆమ్లాలు జంటగా వస్తాయి. పదున్నదైతే 10, 11 వస్తాయి. ఆర్కిటిక్ మంచులో ఈ జంటలు కలిసి కనిపించాయి. జంతువుల దగ్గరికొచ్చేసరికి బేసి సంఖ్యవి, అంటే 9, 11 కార్బన్లవి పైచేయిగా ఉన్నాయి. జంటలో పొడుగున్నది శరీరంలో ఎక్కువ నిలుస్తుంది గనక అలా జరిగింది. ఇంకో ఆనవాలు అణువు ఆకారం. త్రీఎం వాడిన పాత పద్ధతిలో తయారైన పీఎఫ్‌ఓఏలో సుమారు ఐదో వంతు అణువులకు కొమ్మలుంటాయి. టెలోమర్ పద్ధతిలో, అంటే పైన చెప్పిన ఫ్లోరోటెలోమర్ ఆల్కహాల్ దారిలో వచ్చేవి తిన్నగా, కొమ్మల్లేకుండా ఉంటాయి. ఎలుగుబంట్ల కాలేయాల్లో ఈ రెండిటి పాళ్లు చూసి, సరుకు ఎక్కువగా ఏ పద్ధతి నుంచి వచ్చిందో అంచనా కట్టగలిగారు. రసాయనానికి వేలిముద్ర ఉంటుందంటే ఇదే.

అయితే గాల్లో కొలవడం మాటలు కాదు. ఆర్కిటిక్‌లో కెనడా నిర్వహించే అలర్ట్ కేంద్రం 82 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంటుంది. నార్వే స్వాల్‌బార్డ్ దీవుల్లో నీ-ఓలెసున్ ఊరి పైన, జెప్పెలిన్ కొండ మీద 474 మీటర్ల ఎత్తున ఇంకో కేంద్రం ఉంది. అక్కడ పంపు రోజుల తరబడి ఆగకుండా గాలి లాగుతుంది. ముందు గాజు నార ఫిల్టర్ ధూళిని పట్టుకుంటుంది, వెనక స్పాంజి ముక్కలు, వాటి మధ్య రెజిన్ గుళికలు ఆవిరిని పట్టుకుంటాయి. వందల ఘనపు మీటర్ల గాలి లాగితే చేతికొచ్చేది పికోగ్రాముల్లో ఉంటుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. ఇంత సన్నని లెక్కలో నమూనా తీసే మనిషే కాలుష్య కేంద్రం కావచ్చు. అతను వేసుకున్న వాటర్‌ప్రూఫ్ జాకెట్‌లో పీఫాస్ ఉంటుంది. పరికరంలో ఒక టెఫ్లాన్ వాషర్ ఉన్నా కొలత పాడైపోతుంది. అందుకే నమూనాలు తీసేవాళ్లు పూత ఉన్న బట్టలు మానుకుంటారు, టెఫ్లాన్ మూతల సీసాలు పక్కన పెట్టి పాలీప్రొపిలీన్ డబ్బాలు వాడతారు, ఖాళీ ఫిల్టర్లను కూడా అంతదూరం మోసుకెళ్లి, గాలి లాగకుండానే వెనక్కి తెచ్చి పరీక్షిస్తారు. ఎముకలు కొరికే చలిలో, వానకు తట్టుకునే కోటు లేకుండా, కోట్ల నుంచి ఊడిన రసాయనాన్ని కొలవడం ఈ పనిలో రోజూ ఉండేదే.

స్థానికంగా పుట్టే కాలుష్యాన్ని కూడా తీసేసి చూడాలి. స్వాల్‌బార్డ్‌లో లాంగియర్‌బీన్ విమానాశ్రయం దగ్గర అగ్నిమాపక శిక్షణ స్థలంలో ఏళ్ల తరబడి పీఫాస్ నురుగు వాడారు, దాని జాడ చుట్టుపక్కల నేలలో, నీళ్లలో దొరికింది. అంటార్కిటికాలో ఆస్ట్రేలియా కేసీ స్టేషన్ చుట్టూ కూడా స్టేషన్ నుంచే వెలువడిన ఫ్లోరిన్ పదార్థాలు కనిపించాయి. కాలుష్యం ఎంతుందో చూద్దామని వెళ్లిన మనిషి తన వంతు కలిపి వస్తున్నాడన్నమాట. నార్వేలో స్కీ పోటీలు జరిగే మైదానాల మంచులో పీఫాస్ ఎక్కువుండటానికి కారణం స్కీల కింద పూసే ఫ్లోరిన్ మైనం. అంతర్జాతీయ స్కీ సమాఖ్య దాన్ని 2023-24 సీజన్ నుంచి పోటీల్లో నిషేధించింది. ఇవన్నీ తీసేశాక కూడా, ఏ ఊరూ దగ్గర్లో లేని డెవన్ శిఖరం లాంటి చోట్ల మిగిలేది దూరం నుంచి వచ్చినదే.

జవాబులో రెండో సగం సముద్రం. ఫ్యాక్టరీల నుంచి నేరుగా నదుల్లోకి, నదుల నుంచి సముద్రంలోకి వెళ్లిన పీఎఫ్‌ఓఏ ప్రవాహాలతో దశాబ్దాల తర్వాత ఆర్కిటిక్ చేరుతుందని ముందే ఊహించారు. సముద్రంలో కలిసింది కదా, ఇక అక్కడే పలచబడి పోతుందిలే అన్న ధీమా కూడా చాలామందిలో ఉండేది. స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ కజిన్స్, మాట్ సాల్టర్ బృందం ఆ ధీమాను దెబ్బతీసింది. పీఫాస్ సబ్బులాంటిది, నీళ్లలో కంటే నీటి ఉపరితలం మీద ఉండటానికే ఇష్టపడుతుంది. అల విరిగి బుడగ పేలినప్పుడు ఎగిరే తుంపరల్లో అది నీటిలో ఉన్నదానికి వేల రెట్లు చిక్కగా ఉంటుంది. ఆ తుంపర ఎండి ఉప్పు రేణువై గాలితో పోతుంది. నార్వే తీరంలో ఆండోయా, దక్షిణాన బిర్కెనెస్ దగ్గర 2018 నుంచి 2020 దాకా సేకరించిన గాలి నమూనాల్లో సోడియం పెరిగిన రోజుల్లో పీఫాస్ కూడా పెరిగింది. ఉప్పుతో పాటు వస్తున్నట్టు తేలింది. అంటే సముద్రం గుంత మాత్రమే కాదు, తిరిగి పైకి చిమ్మే ఊట కూడా. ఫ్యాక్టరీ మూసేసినా, అది వదిలిన సరుకు సముద్రంలో ఉన్నంత కాలం గాల్లోకి ఎగురుతూనే ఉంటుంది.

ఇక నిషేధాల సంగతి. పీఎఫ్‌ఓఎస్‌ను 2009లో, తేలిగ్గా నశించని విష రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందంలో చేర్చారు, కొన్ని మినహాయింపులతో. బ్రెజిల్‌లో ఆకులు కోసుకుపోయే చీమలను చంపడానికి వాడే సల్ఫ్లూరమిడ్ ఎర ఆ మినహాయింపుల్లో ఒకటి. అది నేలలో విచ్ఛిన్నమై పీఎఫ్‌ఓఎస్‌గానే మారుతుంది. పీఎఫ్‌ఓఏకు 2019 దాకా ఆగాల్సి వచ్చింది. అదే కుటుంబంలోని పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ 2022లో, 9 నుంచి 21 కార్బన్ల పొడుగు ఆమ్లాలు 2025లో చేరాయి. ఈలోగా 2006లో అమెరికా పర్యావరణ సంస్థతో ఎనిమిది పెద్ద కంపెనీలు ఒప్పందం చేసుకుని 2015 నాటికి పీఎఫ్‌ఓఏను పూర్తిగా మానేస్తామన్నాయి. మాట నిలబెట్టుకున్నాయి కూడా. కానీ అప్పటికే తయారీ ఆసియా వైపు జరిగిపోయింది. డెవన్ మంచు పొరల్లో పొడుగు ఆమ్లాల రాక 2015 దాకా స్పష్టంగా తగ్గిన దాఖలా లేదు. ఇటలీలో విచెంజా దగ్గర భూగర్భ జలాలను పాడు చేసి 2018లో మూతబడిన మిటెనీ ఫ్యాక్టరీ యంత్రాలు ఆ తర్వాత మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా లోటే పరశురామ్ పారిశ్రామిక వాడకు చేరాయి. ఒక ఖండంలో మూతపడింది ఇంకో ఖండంలో తెరుచుకుంటే ధ్రువం గాలికి తేడా తెలియదు.

కంపెనీలు మానేసిన పీఎఫ్‌ఓఏ స్థానంలోకి పొట్టి గొలుసులు, ఆక్సిజన్ మధ్యలో చేర్చిన కొత్త అణువులు వచ్చాయి. వాటిలో ఒకటైన హెచ్‌ఎఫ్‌పీఓ-డీఏను, వ్యాపార పేరు జెన్‌ఎక్స్, గ్రీన్‌లాండ్‌కూ స్వాల్‌బార్డ్‌కూ మధ్యనున్న ఫ్రామ్ జలసంధిలో 2018లో సేకరించిన నీళ్లలో జర్మనీ శాస్త్రవేత్తలు గుర్తించారు. ప్రత్యామ్నాయం అని పేరు పెట్టిన పదార్థం పాతదాని దారిలోనే ఉత్తరానికి నడిచింది. పొట్టి గొలుసు శరీరంలో త్వరగా బయటికి పోతుందన్నది నిజమే. అయితే అది నీళ్లలో ఇంకా తేలిగ్గా కదులుతుంది, ఫిల్టర్‌కు తక్కువ చిక్కుతుంది. అంటార్కిటికాలో డ్రానింగ్ మాడ్ ల్యాండ్ దగ్గర తీసిన 1958-2017 మంచు నమూనాలో నాలుగు కార్బన్ల పీఎఫ్‌బీఏ ఈ మార్పు తర్వాతే బాగా పెరిగింది.

అన్నిటికంటే పొట్టిది ట్రైఫ్లోరో ఎసిటిక్ యాసిడ్, టీఎఫ్‌ఏ. రెండే కార్బన్లు. దీని కథ ఓజోన్ పొర దగ్గర మొదలవుతుంది. 1987 మాంట్రియల్ ఒప్పందం ఫ్రిజ్‌లు, ఏసీల్లో వాడిన సీఎఫ్‌సీ గ్యాస్‌లను ఆపింది, ఓజోన్‌ను కాపాడింది. పర్యావరణ ఒప్పందాల్లో అంత విజయవంతమైంది ఇంకోటి లేదు. సీఎఫ్‌సీల స్థానంలో హెచ్‌ఎఫ్‌సీలనే వేరే ఫ్లోరిన్ గ్యాస్‌లు వచ్చాయి. వాటిలో కార్ల ఏసీల్లో వాడే ఆర్-134ఏ గాల్లో 14 ఏళ్లు ఉంటుంది, విచ్ఛిన్నమయ్యేటప్పుడు 7 నుంచి 20 శాతం దాకా టీఎఫ్‌ఏగా మారుతుంది. దాని వల్ల భూమి వేడెక్కుతోందని తెలిశాక యూరప్ కార్లు హెచ్‌ఎఫ్‌ఓ-1234వైఎఫ్ అనే కొత్త గ్యాస్‌కు మారాయి. ఇది పన్నెండు రోజుల్లోపే విచ్ఛిన్నమవుతుంది కాబట్టి వాతావరణానికి భారం తక్కువ. కానీ విచ్ఛిన్నమైనదంతా, దాదాపు నూటికి నూరు పాళ్లు, టీఎఫ్‌ఏనే అవుతుంది. ఒక సమస్య తీర్చిన ప్రతిసారీ ఇంకో ఫ్లోరిన్ అణువును ఎంచుకోవడం వల్ల వచ్చిన ఫలితమిది.

డెవన్ మంచులో ఈ మార్పులన్నీ కాలక్రమంలో కనబడతాయి. టీఎఫ్‌ఏ 1990ల నుంచి పెరుగుతూ అనేక రెట్లైంది, సరిగ్గా సీఎఫ్‌సీల స్థానంలో కొత్త గ్యాస్‌లు వచ్చిన కాలంలో. స్వాల్‌బార్డ్‌లో లోమొనోసోవ్‌ఫొన్నా శిఖరం దగ్గర 2006-2019 మంచు పొరల్లో దొరికిన ఇరవైకి పైగా పీఫాస్ రకాల్లో మోతాదు ఎక్కువున్నది కూడా టీఎఫ్‌ఏనే. చీకటి నెలల మంచులో కంటే సూర్యుడు అస్తమించని నెలల మంచులో అది ఎక్కువ ఉంది. ఎండలో జరిగే చర్యల నుంచే పుడుతోందని దాని అర్థం.

టీఎఫ్‌ఏ వల్ల హాని ఎంత? ఇక్కడ వాదన తీవ్రంగా నడుస్తోంది. జంతువుల శరీరాల్లో అది పేరుకుపోదు, మొక్కల్లో పేరుకుపోతుంది. పరిశ్రమ వర్గాలు దీన్ని అసలు పీఫాస్ లెక్కలోకి తేవద్దంటున్నాయి. జర్మనీ మాత్రం 2024లో దాన్ని సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల్లో చేర్చాలని యూరోపియన్ యూనియన్‌కు ప్రతిపాదించింది. గాలిలోంచి తీసేసే పద్ధతి గానీ, వాననీళ్లలోంచి చవగ్గా వేరు చేసే పద్ధతి గానీ లేనప్పుడు, పూర్తి రుజువు దొరికేదాకా ఆగుదాం అనే మాట ఈ విషయంలో నిలవదు. పీఎఫ్‌ఓఏ విషయంలో జరిగిందదే. దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది 2023 చివర్లో, అప్పటికి అది డెవన్ శిఖరం మీద నలభై ఏళ్లుగా రాలుతోంది.

ఈ పొడుగు గొలుసుల భారం ఎవరి మీద పడుతోందో చెప్పడానికి ఉత్తరాది ప్రజలే ఉదాహరణ. కెనడాలోని నునావిక్ ప్రాంతంలో ఇన్యూట్ ఆదివాసీ గర్భిణుల రక్తంలో పీఎఫ్‌ఎన్‌ఏ లాంటి ఆమ్లాలు మిగతా కెనడా మహిళల కంటే ఎక్కువగా ఉన్నాయి. కారణం నాన్‌స్టిక్ పెనాలు కాదు, సీల్, బెలూగా తిమింగలం, చేపలు. తరతరాలుగా తింటున్న తిండి అది, దుకాణంలో దొరికేదాని కంటే పోషకాలున్న తిండి కూడా. ఫారో దీవుల్లో ఫిలిప్ గ్రాంజాన్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రక్తంలో పీఫాస్ ఎక్కువున్న పిల్లలకు టీకాలు వేసినా యాంటీబాడీలు తక్కువ తయారవుతున్నట్టు తేలింది. కజిన్స్ బృందం 2022లో చేసిన లెక్క ఇంకా దూరం వెళ్లింది. అమెరికా పర్యావరణ సంస్థ ఆ ఏడాది తాగునీటిలో పీఎఫ్‌ఓఏకు సూచించిన పరిమితి లీటరుకు 4 పికోగ్రాములు. అంటార్కిటికాలో, టిబెట్ పీఠభూమిలో పడే వాన, మంచు కూడా ఆ గీత దాటేశాయి. ఆ సంస్థ 2024లో ఖరారు చేసిన చట్టబద్ధమైన పరిమితి దానికి వెయ్యి రెట్లు సడలించినది, లీటరుకు 4 నానోగ్రాములు. అంతకంటే తక్కువ కొలిచి అమలు చేయడం ల్యాబులకు సాధ్యం కాదన్నది అందుకు ఒక కారణం.

భారత్‌కు ఈ గాలితో సంబంధం రెండు వైపులా ఉంది. జెప్పెలిన్ కేంద్రం కిందనున్న నీ-ఓలెసున్ ఊళ్లోనే 2008 నుంచి మన హిమాద్రి పరిశోధన కేంద్రం నడుస్తోంది. ఇక రోడ్ల మీద తిరిగే మన కార్లలో ఎక్కువ భాగం ఏసీల్లో ఇప్పటికీ ఆర్-134ఏనే ఉంది. మెకానిక్ షెడ్డులో గ్యాస్ మార్చేటప్పుడు పాత గ్యాస్‌ను సిలిండర్‌లోకి పట్టకుండా గాల్లోకి వదిలేస్తే, అందులో కొంత పదేళ్లో పదిహేనేళ్లో తర్వాత టీఎఫ్‌ఏగా ఎక్కడో వానలో దిగుతుంది. ఇళ్లలో కొత్త స్ప్లిట్ ఏసీల్లో వాడే ఆర్-32 కూడా ఫ్లోరిన్ గ్యాసే అయినా దాని అణువు నుంచి టీఎఫ్‌ఏ పుట్టదు. కొత్త ఫ్రిజ్‌ల్లోని ఆర్-600ఏ ఐతే ఐసోబ్యూటేన్, వంట గ్యాస్‌కు దగ్గరి చుట్టం, ఫ్లోరినే లేదు. మాంట్రియల్ ఒప్పందానికి చేర్చిన, 2021లో భారత్ ఆమోదించిన కిగాలీ సవరణ ప్రకారం మన హెచ్‌ఎఫ్‌సీల వాడకం 2028లో స్తంభించాలి, 2032 నుంచి తగ్గడం మొదలై 2047 నాటికి 85 శాతం పడిపోవాలి. తగ్గించిన గ్యాస్ స్థానంలో ఏది రావాలో ఆ సవరణ చెప్పదు. కార్ల కంపెనీలు యూరప్ దారిలో హెచ్‌ఎఫ్‌ఓ వైపు పోతాయా, కార్బన్ డయాక్సైడ్ లాంటి ఫ్లోరిన్ లేని గ్యాస్‌ల వైపు మళ్లుతాయా అన్నది ఇంకా తేలాల్సిన విషయం. జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్, నార్వే, స్వీడన్ కలిసి 2023లో పీఫాస్ మొత్తాన్ని ఒకే కుటుంబంగా నిషేధించాలని పెట్టిన ప్రతిపాదనలో ఈ ఏసీ గ్యాస్‌లు కూడా ఉన్నాయి, దాని మీద అభ్యంతరాలు కూడా వేలల్లో వచ్చాయి.